ఆస్కార్ వైల్డ్ జీవితం, పతనం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాటక రచయిత ఆస్కార్ వైల్డ్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆయన చమత్కారాలు. ఆయన జీవితం గురించి కొంచెం చదివినవాళ్ళకు మాత్రం మరో ప్రశ్న పట్టుకుంటుంది. అంత తెలివైన మనిషి జైలుదాకా వెళ్ళిన ఆ పతనాన్ని తన మీదికి తానే ఎందుకు తెచ్చుకున్నాడు? నన్ను చాలా ఏళ్ళుగా వదలని ప్రశ్న అది. కింది జవాబుల్లో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతాయి.

వైల్డ్ ఇంగ్లీషువాడు కాదా?

కాదు, ఐరిష్‌వాడు. 1854 అక్టోబరు 16న డబ్లిన్‌లో, వెస్ట్‌ల్యాండ్ రోలోని 21వ నంబరు ఇంట్లో పుట్టాడు. తండ్రి సర్ విలియం వైల్డ్ పేరుమోసిన కంటి, చెవి డాక్టరు. చెవి జబ్బుల వైద్యం మీద పుస్తకం కూడా రాశాడు. (ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.) తల్లి జేన్ 'స్పెరాంజా' అనే కలం పేరుతో కవిత్వం రాసేది. బ్రిటిష్ పాలన మీద తిరగబడమని ఐరిష్ యువకులకు పిలుపునిస్తూ 1848లో వ్యాసం రాసిన మనిషి ఆమె. ఆ ఇంట్లో మాట అంటే అంత విలువ, అంత పదును.

పోర్టోరా రాయల్ స్కూల్, డబ్లిన్ ట్రినిటీ కాలేజీ, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ మాగ్డలెన్ కాలేజీ. ట్రినిటీలో గ్రీకులో బర్క్‌లీ గోల్డ్ మెడల్ వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో 1878లో 'రవెన్నా' అనే కవితకు న్యూడిగేట్ బహుమతి గెలిచాడు. అక్కడే తన ఐరిష్ యాస వదిలేశానని తర్వాత చెప్పుకున్నాడు. యాస పోయిందేమో కానీ, లండన్ పెద్దమనుషుల్ని బయటినుంచి వచ్చిన వాడి కళ్ళతో చూడటం చివరిదాకా పోలేదు. ఆయన నాటకాల్లోని నవ్వంతా ఆ చూపులోంచే పుట్టిందని నేననుకుంటాను.

చిన్నతనంలో ఆ ఇంట్లో ఏదైనా పెద్ద కష్టం వచ్చిందా?

రెండు వచ్చాయి. మొదటిది, చెల్లెలు ఐసోలా మరణం. 1867లో, పదేళ్ళు కూడా నిండకుండానే జ్వరంతో పోయింది. ఆ పిల్ల తలవెంట్రుకల పాయ ఒకటి ఒక కవరులో పెట్టి, ఆ కవరు మీద తన చేత్తో బొమ్మలు వేసి, వైల్డ్ బతికినంతకాలం దాచుకున్నాడు. 'రెక్వియెస్కాట్' అనే కవిత ఆ చెల్లెలి మీద రాసిందే.

రెండోది చాలామందికి తెలియదు. 1864లో, వైల్డ్‌కు పదేళ్ళప్పుడు, మేరీ ట్రావర్స్ అనే యువతి సర్ విలియం తనను పాడుచేశాడని డబ్లిన్ అంతా కరపత్రాలు పంచింది. విసిగిపోయిన స్పెరాంజా ఆ అమ్మాయి తండ్రికి ఘాటుగా ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం మీద ట్రావర్స్ పరువునష్టం దావా వేసి గెలిచింది. జ్యూరీ ఆమెకు ఇప్పించింది ఒకే ఒక్క ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు. కోర్టు ఖర్చులు మాత్రం వైల్డ్ కుటుంబం నెత్తిన పడ్డాయి. దాంతోపాటు ఇంటి గుట్టంతా పత్రికలకెక్కింది. పరువునష్టం కేసు కోర్టుకెక్కితే ఏమవుతుందో ఆ ఇంటివాళ్ళకు ముందే తెలుసు. ముప్ఫై ఏళ్ళ తర్వాత కొడుకు మళ్ళీ అదే మెట్లెక్కాడు.

అంత పేరు ఎలా వచ్చింది?

రాసి పేరు తెచ్చుకునేకంటే ముందే మాట్లాడి పేరు తెచ్చుకున్నాడు. 1882లో దాదాపు ఏడాదిపాటు అమెరికా, కెనడా తిరిగి కళ గురించి, ఇంటి అలంకరణ గురించి ఉపన్యాసాలిచ్చాడు. కొలరాడోలోని లెడ్‌విల్ అనే ఊళ్ళో వెండి గని కార్మికులకు కూడా చెప్పాడు. వెల్వెట్ కోటు, మోకాళ్ళదాకా ప్యాంటు వేసుకొచ్చిన ఆ ఆరడుగుల మనిషిని చూసి నవ్వుదామని వచ్చిన జనం, చాలా చోట్ల ఆయన మాట విని మెత్తబడి వెళ్ళారు.

రచయితగా అసలైన పంట 1888 నుంచి 1895 వరకు పండింది. 1888లో 'ది హ్యాపీ ప్రిన్స్' కథల సంపుటి, 1890లో పత్రికలో, 1891లో పుస్తకంగా 'ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే' నవల. ఆ తర్వాత వరసగా హాస్య నాటకాలు. 1895 జనవరి 3న 'ఆన్ ఐడియల్ హజ్బెండ్' మొదలైంది. ఫిబ్రవరి 14న 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్' మొదలైంది. లండన్‌లో ఒకేసారి రెండు థియేటర్లలో ఆయన నాటకాలు ఆడుతున్నాయి. మే నెలాఖరుకు అదే మనిషి జైల్లో ఉన్నాడు. అంటే మధ్యలో గడిచింది గట్టిగా వంద రోజులు.

ఆయనకు పెళ్ళయిందా? పిల్లలున్నారా?

అయింది. 1884 మే 29న కాన్‌స్టెన్స్ లాయిడ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 1885లో సిరిల్, 1886లో వివియన్ పుట్టారు. చెల్సీలోని టైట్ స్ట్రీట్‌లో 16వ నంబరు ఇల్లు. ఆమెను ప్రేమించకుండానే పెళ్ళాడాడని కొందరు తేలిగ్గా రాసేస్తారు. అది నిజమని నాకు అనిపించదు. ప్రేమ ఉంది. కాకపోతే ఆయన మనసులో ఇంకో దారి కూడా ఉంది. ఆ దారిలో నడిచేవాణ్ణి ఆ కాలం, ఆ చట్టం నేరస్థుడనేవి. ఆ రెంటి మధ్య ఎక్కువగా నలిగింది కాన్‌స్టెన్స్.

బోసీ ఎవరు?

లార్డ్ ఆల్ఫ్రెడ్ డగ్లస్. ముద్దుపేరు బోసీ. 1891లో పరిచయమయ్యేనాటికి ఆక్స్‌ఫర్డ్‌లో, వైల్డ్ చదివిన కాలేజీలోనే చదువుతున్నాడు. వైల్డ్‌కంటే పదహారేళ్ళు చిన్న. అందగాడు, కవి, మొండివాడు, చెయ్యి పెద్దది. వైల్డ్ సంపాదనలో చాలా భాగం ఈ కుర్రవాడి హోటళ్ళకీ, ప్రయాణాలకీ, సరదాలకీ కరిగిపోయింది. ఎన్నిసార్లు విడిపోదామనుకున్నా మళ్ళీ కలిసేవాళ్ళు.

బోసీ తండ్రి మార్క్విస్ ఆఫ్ క్వీన్స్‌బెర్రీ. బాక్సింగ్ ఆటకు నేటికీ వాడే నియమాలకు ఈయన పేరే ఉంది. మహా కోపిష్టి. భార్య విడాకులు తీసుకుంది, కొడుకులతో పడేది కాదు. 1894 అక్టోబరులో పెద్ద కొడుకు డ్రమ్‌లాన్రిగ్ తుపాకి గుండు తగిలి చనిపోయాడు. ప్రమాదమన్నారు, కానీ గుసగుసలు చాలా నడిచాయి. ఆ దుఃఖం, ఆ అనుమానం క్వీన్స్‌బెర్రీని ఇంకా రెచ్చగొట్టాయి. బోసీని వైల్డ్‌కు దూరం చెయ్యాలని కంకణం కట్టుకున్నాడు.

ఆ విజిటింగ్ కార్డు కథ ఏమిటి?

'ఎర్నెస్ట్' మొదటి రోజున క్వీన్స్‌బెర్రీ కూరగాయల కట్ట పట్టుకుని థియేటరుకు వచ్చాడు. వైల్డ్ స్టేజి మీదికి రాగానే విసిరి అల్లరి చెయ్యాలని ప్లాన్. ముందే తెలిసిపోయి లోపలికి రానివ్వలేదు. నాలుగు రోజుల తర్వాత, ఫిబ్రవరి 18న, వైల్డ్ సభ్యుడిగా ఉన్న ఆల్బిమార్ల్ క్లబ్బుకు వెళ్ళి తన విజిటింగ్ కార్డు మీద ఒక వాక్యం రాసి గుమాస్తాకి ఇచ్చాడు. వైల్డ్ స్వలింగ సంబంధాలున్నవాడిలా 'పోజు పెడుతున్నాడు' అని దాని అర్థం. అసలు మాటలో స్పెల్లింగు తప్పు కూడా ఉంది. ఆ గుమాస్తా మర్యాదస్తుడు. కార్డు ఎవరి కంటా పడకుండా, వెనక తేదీ, టైము రాసి కవరులో పెట్టి ఉంచాడు. ఫిబ్రవరి 28న వైల్డ్ క్లబ్బుకు వచ్చినప్పుడు చేతికిచ్చాడు.

అంటే ఆ కార్డు పది రోజులు ఒక కవరులో పడి ఉంది. లోకానికి తెలియదు, పత్రికలకు తెలియదు. చదివినవాళ్ళు ఒకరో ఇద్దరో. అక్కడే చింపి పారేసి ఉంటే సరిపోయేది.

మరి చింపి పారేయక కేసు ఎందుకు వేశాడు?

ఇదే అసలు ప్రశ్న. పొగరు వల్ల అని చాలామంది అంటారు. పొగరు కొంత ఉంది, కాదనను. కానీ నాకు కనబడేది వేరు. అది తండ్రికీ కొడుక్కీ మధ్య గొడవ. తండ్రిని కోర్టుకీడ్చి జైల్లో వేయించాలని బోసీకి కసి. ఖర్చులు మా కుటుంబం పెట్టుకుంటుందని కూడా మాటిచ్చారు. ఆ ఇద్దరి పగలో వైల్డ్ ఆయుధమయ్యాడు. తర్వాత జైల్లోంచి రాసిన ఉత్తరంలో ఈ మాట తనే ఒప్పుకున్నాడు. తండ్రీకొడుకులు పాచికలాడుకుంటే పందెంలో ఒడ్డింది తన ప్రాణమని వాపోయాడు.

క్వీన్స్‌బెర్రీ వేటాడటం మానడన్న భయం కూడా ఉంది. ఇంటికొచ్చి బెదిరించాడు, థియేటరుకొచ్చాడు, ఇప్పుడు క్లబ్బుకొచ్చాడు. ఎక్కడో ఒకచోట ఆపాలి కదా అనుకుని ఉంటాడు. లాయరు మొదటే అడిగాడు: ఇందులో నిజమేమైనా ఉందా? లేదని వైల్డ్ చెప్పాడు. ఆ ఒక్క అబద్ధం మీద కేసంతా నిలబెట్టారు. మార్చి 2న క్వీన్స్‌బెర్రీని అరెస్టు చేశారు.

మంచి చెప్పినవాళ్ళు లేకపోలేదు. మార్చి నెలాఖర్లో కెఫే రాయల్‌లో పత్రికా సంపాదకుడు ఫ్రాంక్ హారిస్, నాటక రచయిత బెర్నార్డ్ షా కూర్చుని, కేసు వదిలేసి భార్యతో ఫ్రాన్స్ వెళ్ళిపొమ్మని బతిమాలారు. వైల్డ్ మెత్తబడుతున్నాడనుకునే సమయానికి బోసీ వచ్చాడు. విషయం విని, ఇలా చెప్పేవాళ్ళు నీ స్నేహితులు కారని మండిపడి లేచి వెళ్ళిపోయాడు. వైల్డ్ కూడా లేచి అతని వెనకే వెళ్ళాడు. వంద రోజుల్లో వెనక్కి తిరగడానికి దొరికిన మలుపుల్లో అదొకటి.

కోర్టులో ఏం జరిగింది?

1895 ఏప్రిల్ 3న ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ మొదలైంది. క్వీన్స్‌బెర్రీ తరఫు లాయరు ఎడ్వర్డ్ కార్సన్. ఆయన కూడా డబ్లినే, ట్రినిటీలో వైల్డ్ తోటి విద్యార్థి. మొదటి దెబ్బ వయసు మీద పడింది. వైల్డ్ తన వయసు ముప్ఫై తొమ్మిదని చెప్పాడు. నలభై నిండాయి కదా అని కార్సన్ లెక్క చూపించాడు. చిన్న విషయమే, కానీ సాక్షి అబద్ధం చెబుతాడని జ్యూరీ మనసులో పడిపోయింది.

మొదటి రోజు డోరియన్ గ్రే గురించి, రాతల గురించి అడిగినంతసేపూ వైల్డ్‌దే పైచేయి. హాలంతా నవ్వులు. సాహిత్యం వదిలి మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. కార్సన్ ఒక్కొక్క కుర్రవాడి పేరూ చదివాడు. అతనికి సిగరెట్ కేసు ఎందుకిచ్చారు? ఇతనితో హోటల్లో భోజనం ఎందుకు చేశారు? ఒక పనివాడి పేరు చెప్పి అతన్ని ముద్దు పెట్టుకున్నారా అని అడిగితే, లేదు, పాపం వాడు అందంగా ఉండడు అని వైల్డ్ నోరు జారాడు. కార్సన్ ఆ మాట పట్టుకుని వదల్లేదు. అందంగా లేడు కాబట్టే పెట్టుకోలేదా, ఎందుకన్నారు ఆ మాట, ఎందుకన్నారు అని పదే పదే అడిగాడు. జవాబు కోసం ఎప్పుడూ తడుముకోని మనిషికి ఆ రోజు నోట మాట రాలేదు. వాక్యాలు మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. ఏడిపించినట్టున్న ఆ ప్రశ్నలు, తెగిపోయిన ఆ జవాబులు చదువుతుంటే ఇప్పటికీ నాకు గుండె బిగుసుకుంటుంది.

ఆ కుర్రవాళ్ళను సాక్షులుగా తెస్తామని కార్సన్ ప్రకటించాక వైల్డ్ లాయరు ఎడ్వర్డ్ క్లార్క్ కేసు వెనక్కి తీసుకున్నాడు. ఏప్రిల్ 5న క్వీన్స్‌బెర్రీ నిర్దోషిగా బయటికొచ్చాడు. సాక్ష్యాల కాగితాలన్నీ అదే రోజు ప్రభుత్వానికి చేరాయి.

అప్పుడైనా పారిపోవచ్చు కదా?

పారిపోవచ్చు. ఆ మధ్యాహ్నమంతా స్లోన్ స్ట్రీట్‌లోని కాడొగన్ హోటల్ గదిలో స్నేహితుడు రాబీ (రాబర్ట్) రాస్ రైలెక్కమని, డోవర్ వెళ్ళి ఓడెక్కమని పోరుతూనే ఉన్నాడు. పెట్టె సగం సర్ది ఉంది. వైల్డ్ వైనూ సోడా కలుపుకుని తాగుతూ కూర్చుండిపోయాడు. రైలు వెళ్ళిపోయింది, ఆలస్యమైపోయింది అని మాత్రం అన్నాడు. సాయంత్రం ఆరు దాటాక పోలీసులు తలుపు తట్టారు.

పరువు కోసం ఆగాడా, తల్లి మాట కోసమా, లేక కాళ్ళూ చేతులూ ఆడక అలా ఉండిపోయాడా? మూడూ ఉండొచ్చు. స్పెరాంజా మాత్రం పారిపోవడం తమ ఇంటా వంటా లేదన్నట్టే మాట్లాడిందని అంటారు. పెద్ద ఆపద నెత్తిమీదికి వచ్చినప్పుడు మనిషికి లేచి నిలబడే ఓపిక కూడా ఉండదు. ఆ స్థితి తెలిసినవాళ్ళు వైల్డ్‌ను తప్పుపట్టలేరు.

ఏ చట్టం కింద శిక్ష వేశారు?

1885 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం, 11వ సెక్షన్. ఇద్దరు మగవాళ్ళ మధ్య 'తీవ్రమైన అసభ్య ప్రవర్తన' నేరమని అందులో ఉంది. నాలుగు గోడల మధ్య, ఇష్టపూర్వకంగా జరిగినా సరే. గరిష్ఠ శిక్ష రెండేళ్ళ కఠిన కారాగారం. ఎంపీ హెన్రీ లబూషేర్ చివరి నిమిషంలో చేర్పించిన సెక్షన్ ఇది. బెదిరించి డబ్బు గుంజేవాళ్ళకు ఇది వరంగా మారింది.

మనకీ ఇలాంటిదే ఒకటి అదే పాలకులు తెచ్చి అంటగట్టారు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్. ఇంగ్లాండులో 1967లో చట్టం మారింది, ఐర్లండ్‌లో 1993లో. మన సుప్రీంకోర్టు పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వక సంబంధాలను 377 నుంచి తప్పించింది 2018 సెప్టెంబరు 6న. వైల్డ్ కథ మనకు సంబంధం లేని పరాయి కథ అనుకునేవాళ్ళు ఈ తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి.

మూడు విచారణలు జరిగాయంటారు, నిజమేనా?

నిజమే. మొదటిది వైల్డ్ వేసిన పరువునష్టం కేసు. రెండోది ఏప్రిల్ 26న ఆయన మీద ప్రభుత్వం పెట్టిన కేసు. అందులోనే, పేరు చెప్పుకోలేని ప్రేమ అంటే ఏమిటని ప్రాసిక్యూటర్ అడిగాడు. ఆ మాట బోసీ కవితలోది. పెద్దవాడికీ చిన్నవాడికీ మధ్య ఉండే ఆత్మీయత గురించి, ప్లేటో, మైకెలాంజెలో, షేక్‌స్పియర్ల పేర్లు చెబుతూ వైల్డ్ ఇచ్చిన జవాబుకు గ్యాలరీలో చప్పట్లు మోగాయి. జ్యూరీ ఒక మాట మీదికి రాలేదు. బెయిలు మీద వదిలారు. అప్పుడు కూడా వెళ్ళిపోవడానికి వీలుంది, వెళ్ళలేదు. మే 25న మూడో విచారణలో దోషి అన్నారు. తను విచారించిన కేసుల్లో ఇంత చెడ్డది లేదని, ఈ రెండేళ్ళ శిక్ష కూడా చాలదని జడ్జి విల్స్ అన్నాడు. మరి నేను? నేనేమీ మాట్లాడకూడదా, మై లార్డ్? అని వైల్డ్ అడిగాడు. జడ్జి చెయ్యి ఊపి తీసుకెళ్ళమన్నాడు.

ఇల్లు, ఆస్తి ఏమయ్యాయి?

శిక్ష పడకముందే, ఏప్రిల్ 24న, టైట్ స్ట్రీట్ ఇంట్లో సామాను వేలం వేశారు. జనం ఎగబడ్డారు, దొంగతనాలు కూడా జరిగాయి. పుస్తకాలు కట్టలు కట్టలుగా చిల్లర ధరకు పోయాయి. వేలం జాబితాలో పిల్లల ఆటబొమ్మలు కూడా ఒక వరుసలో ఉన్నాయి. నడుస్తున్న నాటకాల పోస్టర్ల మీద ఆయన పేరు కప్పేసి కొన్నాళ్ళు నెట్టుకొచ్చి, తర్వాత ఆపేశారు. పెడతామన్న కేసు ఖర్చులు బోసీ కుటుంబం పెట్టలేదు. క్వీన్స్‌బెర్రీకి కట్టాల్సిన కోర్టు ఖర్చుల కిందే నవంబరులో వైల్డ్‌ను దివాలా తీయించారు.

జైల్లో ఎలా గడిచింది?

పెంటన్‌విల్, వాండ్స్‌వర్త్, రీడింగ్. మూడు జైళ్ళు. పడుకోవడానికి ఉత్త చెక్కబల్ల. పొద్దస్తమానం గదిలో ఒంటరిగా ఉండాలి, తోటి ఖైదీతో మాట్లాడితే శిక్ష. తారు పట్టిన పాత ఓడ తాళ్ళను వేళ్ళతో విప్పి పీచు చెయ్యాలి. గోళ్ళు చిట్లేవి. తిండి పడక విరేచనాలతో మనిషి చిక్కి సగమయ్యాడు. వాండ్స్‌వర్త్‌లో ఒంట్లో బాగోలేకపోయినా లేపి ప్రార్థనకు పంపితే, అక్కడ స్పృహ తప్పి పడి కుడి చెవికి దెబ్బ తగిలింది.

1895 నవంబరులో రీడింగ్‌కు మారుస్తూ మధ్యలో క్లాఫామ్ జంక్షన్ స్టేషనులో దింపారు. ఖైదీ బట్టలు, చేతులకు బేడీలు, పైన వాన. ప్లాట్‌ఫారం మీద అరగంట నిలబెట్టారు. రైలు రైలుకూ జనం పెరిగారు, చూసి నవ్వారు. అది జరిగాక ఏడాదిపాటు రోజూ అదే వేళకు అంతే సేపు ఏడ్చానని తర్వాత రాసుకున్నాడు.

1896 ఫిబ్రవరిలో తల్లి పోయింది. ఆ కబురు పరాయి నోట వినకూడదని, ఒంట్లో బాగోకపోయినా కాన్‌స్టెన్స్ ఇటలీలోని జెనోవా నుంచి రీడింగ్ దాకా వచ్చి స్వయంగా చెప్పింది. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోవడం అదే ఆఖరు.

'డి ప్రొఫండిస్' అంటే ఏమిటి?

రీడింగ్‌కు మేజర్ నెల్సన్ అనే కొత్త అధికారి వచ్చాక వైల్డ్‌కు కాగితం, కలం దొరికాయి. 1897 జనవరి నుంచి మార్చి వరకు బోసీకి రాసిన సుదీర్ఘమైన ఉత్తరం అది. సగం నిష్ఠూరం, సగం ఆత్మశోధన. రాబర్ట్ రాస్ 1905లో కొంత భాగం తీసేసి అచ్చు వేయించాడు. పూర్తి పాఠం సరిగ్గా బయటికొచ్చింది 1962లోనే. బోసీని తిట్టిన పేజీలు చదువుతుంటే ఒక్కోచోట విసుగొస్తుంది, ఎప్పటి హోటల్ బిల్లో తెచ్చి లెక్కలు చెబుతాడు. అయినా ఆ లెక్కలు తీసేస్తే దెబ్బతిన్న మనిషి గొంతు వినబడదు.

జైలు ఆయన్ని మార్చిందా?

మార్చింది. ఒక చిన్న కాగితం ముక్క చూస్తే తెలుస్తుంది. విడుదలకు ముందు రోజుల్లో రీడింగ్‌కు ముగ్గురు చిన్నపిల్లల్ని తెచ్చారు. కుందేళ్ళకు ఉచ్చులు వేశారని జరిమానా వేస్తే కట్టలేక జైలుకొచ్చినవాళ్ళు. వైల్డ్ వార్డరు థామస్ మార్టిన్‌కు చీటీ రాశాడు. ఆ కుందేళ్ళ కేసు పిల్లల పేర్లేమిటి, జరిమానా ఎంత, నేను కడితే రేపే వదులుతారా అని. తన దగ్గరే డబ్బు లేని మనిషి.

ఆ పిల్లల్లో మరీ చిన్నవాడు ఆకలికి ఏడుస్తుంటే మార్టిన్ బిస్కెట్లు పెట్టాడు. అందుకు అతని ఉద్యోగం పోయింది. 1897 మే 19న బయటికొచ్చిన వైల్డ్, పది రోజులు తిరక్కుండానే ఈ సంగతంతా 'డైలీ క్రానికల్' పత్రికకు పెద్ద ఉత్తరంగా రాశాడు. చీకటి గదిలో ఒంటరిగా వేసిన పసివాడి భయం ఎలా ఉంటుందో అందులో ఉంది. నాటకాల్లో ఎన్నో మంచి వాక్యాలున్నాయి. నా మటుకు నాకు ఆయన రాతల్లో అన్నింటికంటే విలువైనవి ఆ ఉత్తరం, ఆ చీటీ.

'ది బ్యాలడ్ ఆఫ్ రీడింగ్ జైల్' కూడా ఇక్కడిదే. భార్యను చంపిన నేరానికి 1896 జులై 7న రీడింగ్‌లో ఉరితీసిన చార్లెస్ వూల్డ్రిడ్జ్ అనే సైనికుణ్ణి తలచుకుని రాసిన దీర్ఘకవిత. 1898లో అచ్చయినప్పుడు కవి పేరు లేదు. 'సి.3.3.' అని మాత్రం ఉంది. అది వైల్డ్ ఉన్న జైలు గది నంబరు.

భార్యాపిల్లల్ని మళ్ళీ కలిశాడా?

లేదు. పేరు తెలిసి ఒక స్విస్ హోటలువాళ్ళు ఖాళీ చెయ్యమన్నాక కాన్‌స్టెన్స్ తన ఇంటిపేరు, పిల్లల ఇంటిపేరు 'హాలండ్' అని మార్చుకుంది. విడుదలయ్యాక కలుద్దామనే ఆశ ఇద్దరికీ ఉంది. కానీ 1897 శరదృతువులో వైల్డ్ మళ్ళీ బోసీతో నేపుల్స్‌లో కాపురం పెట్టాడు. ఆమె పంపే డబ్బు ఆగింది, అటు బోసీకి వచ్చే డబ్బూ ఆగుతుందన్నారు, ఇద్దరూ విడిపోయారు. ఇంత జరిగాక మళ్ళీ అతని దగ్గరికే ఎందుకెళ్ళాడని చాలామంది కోపంగా అడుగుతారు. ఒంటరితనం అంత పని చేయిస్తుందనే తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు.

1898 ఏప్రిల్‌లో ఆపరేషన్ తర్వాత కాన్‌స్టెన్స్ జెనోవాలో చనిపోయింది. మరుసటి ఏడాది వైల్డ్ ఆమె సమాధి దగ్గరికి పూలు తీసుకెళ్ళాడు. రాతి మీద ఎక్కడా తన పేరు లేదు. ఆస్కార్ వైల్డ్ భార్య అన్న మాట 1963లో గానీ చేర్చలేదు. సిరిల్ మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో ఫ్రాన్స్‌లో తుపాకి గుండుకు బలయ్యాడు. వివియన్ బతికి, తండ్రి గురించి 1954లో పుస్తకం రాశాడు.

చివరి రోజులు ఎక్కడ గడిచాయి? ఆ వాల్‌పేపర్ మాట నిజంగా అన్నాడా?

ఫ్రాన్స్‌లో, 'సెబాస్టియన్ మెల్మోత్' అనే మారుపేరుతో. స్నేహితుల దగ్గర అప్పులు, రాయలేకపోవడం, తాగుడు. ప్యారిస్‌లోని ఒతెల్ దాల్జాస్ అనే చిన్న హోటలు యజమాని దుపోయిరియే బాకీ అడగకుండా చూసుకున్నాడు. ఈ గది వాల్‌పేపరుకూ నాకూ పోరాటం జరుగుతోంది, ఇద్దరిలో ఎవరో ఒకరు పోవాలి అన్న మాట ఆయన అన్నదే, కానీ చనిపోవడానికి కొన్ని వారాల ముందు. అవి ఆఖరి మాటలు కావు. చివర్లో మాట సరిగా రాలేదు. చెవి జబ్బు మెదడుకు పాకింది. దేశంలోనే పేరున్న చెవి డాక్టరు కొడుకు చెవి జబ్బుతో పోయాడు. రాస్ పిలుచుకొచ్చిన డబ్లిన్ ఫాదర్ కత్‌బర్ట్ డన్ ఆయన్ని కాథలిక్ మతంలో చేర్చుకున్నాడు. 1900 నవంబరు 30న కన్నుమూశాడు. వయసు నలభై ఆరు.

ముందు ప్యారిస్ దగ్గరి బాన్యోలో పాతిపెట్టారు. 1909లో ప్యారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానానికి మార్చారు. రాస్ అప్పులన్నీ తీర్చి, పుస్తకాల హక్కులు పిల్లలకు దక్కేలా చేశాడు. అతని చితాభస్మం 1950లో అదే సమాధిలో ఉంచారు. అలాంటి స్నేహితుడు ఒక్కడు చాలు.

బోసీ తర్వాత ఏమయ్యాడు?

1945 దాకా బతికాడు. మధ్యలో చాలా ఏళ్ళు వైల్డ్‌ను తిడుతూ రాశాడు. చర్చిల్ మీద అబద్ధపు ఆరోపణలు చేసినందుకు పరువునష్టం నేరం కిందే ఆరు నెలలు జైల్లో ఉన్నాడు.

వైల్డ్ పూర్తిగా నిర్దోషా? గొప్ప రచయిత కాబట్టి వెనకేసుకొస్తున్నారా?

మంచి ప్రశ్న. ఆ కుర్రవాళ్ళలో చాలామంది పేదవాళ్ళు, పనిలేనివాళ్ళు, కొందరు మరీ చిన్నవాళ్ళు. ఆయన దగ్గర డబ్బు, పేరు ఉన్నాయి. ఆ తేడా చూసి ఈనాటి పాఠకుడు ఇబ్బంది పడితే ఆ ఇబ్బంది న్యాయమైనదే. నేనూ పడ్డాను. కానీ కోర్టు ఆయన్ని శిక్షించింది ఆ తేడా చూసి కాదు. మగవాడు మగవాణ్ణి కోరుకున్నాడని శిక్షించింది. పేదపిల్లల మీద అంత జాలే ఉంటే కుందేళ్ళ కేసులో పసివాళ్ళను జైల్లో పెట్టరు కదా. రెండు విషయాలూ విడివిడిగా చూడాలి, ఏదీ దాచకూడదు.

ఆయనకు క్షమాభిక్ష దొరికిందా?

2017లో బ్రిటన్ తెచ్చిన 'ట్యూరింగ్ చట్టం' కింద, ఇలాంటి రద్దయిన నేరాలకు శిక్షపడి చనిపోయిన వేలమందికి క్షమాభిక్ష ఇచ్చారు. వైల్డ్ కూడా వాళ్ళలో ఒకడని పత్రికలు రాశాయి. శిక్ష తర్వాత రద్దు చేసిన బ్రిటిష్ మ్యూజియం రీడింగ్ రూమ్ పాస్‌ను, 2025లో ఆయన పుట్టినరోజుకు బ్రిటిష్ లైబ్రరీ మళ్ళీ జారీ చేసింది. మనవడు మెర్లిన్ హాలండ్ అందుకున్నాడు. క్షమించాల్సింది ఎవరు, ఎవర్ని అన్న ప్రశ్న మాత్రం నాకు అలాగే ఉంది.

ఆయన్ని ఇప్పుడే చదవడం మొదలుపెడితే ఏది ముందు చదవాలి?

నాటకాలు ఎలాగూ చదువుతారు. ముందు పిల్లల కథలు చదవండి. 'ది హ్యాపీ ప్రిన్స్', 'ది సెల్ఫిష్ జెయింట్' కలిపి ఒక గంట కూడా పట్టవు. ఇంట్లో పిల్లలుంటే పైకి చదివి వినిపించండి, మీ మాటల్లో చెప్పినా ఫరవాలేదు. ఆయనా టైట్ స్ట్రీట్ ఇంట్లో తన పిల్లలకు అలాగే చెప్పేవాడు. ఒకరోజు 'సెల్ఫిష్ జెయింట్' కథ చెబుతుంటే నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూసి, ఎందుకు ఏడుస్తున్నావని సిరిల్ అడిగాడట. నిజంగా అందమైనవి చూస్తే నాకు ఏడుపొస్తుంది అన్నాడట వైల్డ్. వివియన్ పెద్దయ్యాక తన పుస్తకంలో రాసుకున్న సంగతి ఇది.